ఇన్కా ట్రెయిల్ మీద నాలుగు రోజులు: పర్మిట్ నుంచి మాచు పిచ్చు దాకా సమగ్ర మార్గదర్శి

పెరూలో ఇన్కా ట్రెయిల్ (ఇన్కాల ప్రాచీన నగరం మాచు పిచ్చుకు చేరే, వారి కాలం నాటి కొండదారి) నడవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు మూడు: పర్మిట్ ఎలా దొరుకుతుంది, అంత ఎత్తును తట్టుకోగలమా, సామాను ఎంత మోయాలి. మూడింటికీ సమాధానం కొండ మీద దొరకదు, బయలుదేరడానికి చాలా నెలల ముందు ఏ పని తర్వాత ఏ పని చేశామన్న దానిలోనే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా సన్నాహాలకే కేటాయించాను.

ఇక్కడ చెప్పేది కుస్కో నగరం నుంచి వచ్చే రైలు మార్గంలో 82వ కిలోమీటరు దగ్గర మొదలై మాచు పిచ్చులో ముగిసే నాలుగు పగళ్లు, మూడు రాత్రుల నడక గురించి. దూరం సుమారు 43 కిలోమీటర్లు. దారిలో అత్యంత ఎత్తైన చోటు వార్మివాన్యుస్కా కనుమ, 4,215 మీటర్లు.

1. ఇదే దారి కావాలా అన్నది ముందు తేల్చుకోండి

నాలుగు రోజుల నడకకు వీలు లేనివారికి 104వ కిలోమీటరు దగ్గర రైలు దిగి ఒక్క రోజులో మాచు పిచ్చు చేరే చిన్న దారి ఉంది. అందులో ఎత్తైన కనుమలు లేవు, గుడారాల్లో పడుకోవడం లేదు, అయినా చివరి రోజు చూడవలసిన కట్టడాలు చాలా వరకు ఆ దారిలోనే వస్తాయి. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులతో వెళ్లేవారికి నేను సూచించేది ఇదే.

పర్మిట్ దొరకనివారు సల్కాంతాయ్ దారిని ఎంచుకుంటారు. దానికి ఇన్కా ట్రెయిల్ తరహా రోజువారీ పర్మిట్ పరిమితి లేదు. అయితే అది సులువైన దారి అనుకోకండి, దాని కనుమ సుమారు 4,600 మీటర్ల ఎత్తున ఉంటుంది.

2. పర్మిట్: విమానం టికెట్టు కన్నా ముందు చేయవలసిన పని

ఈ దారిలోకి రోజుకు 500 మందినే అనుమతిస్తారు. ఆ లెక్కలో గైడ్లు, వంటవారు, సామాను మోసే పోర్టర్లు కూడా ఉంటారు కాబట్టి నడిచే యాత్రికులకు మిగిలేది సుమారు 200 స్థానాలు. సొంతంగా పర్మిట్ తీసుకుని ఒంటరిగా నడవడానికి వీల్లేదు. అధికారిక అనుమతి ఉన్న ట్రెక్కింగ్ సంస్థ ద్వారా, గైడుతోనే వెళ్లాలి.

మరమ్మతుల కోసం ఫిబ్రవరి నెలంతా దారి మూసివేస్తారు. మే నుంచి సెప్టెంబరు దాకా పొడి వాతావరణం. జూన్, జూలైలలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది గానీ రాత్రి చలి గడ్డకట్టే స్థాయికి చేరుతుంది, పర్మిట్లూ ముందుగా అయిపోతాయి. ఏప్రిల్ చివర, అక్టోబరు మొదట్లో కొంత వానకు సిద్ధపడి వెళ్లగలిగితే రద్దీ తక్కువ, చలీ తక్కువ. తేదీల విషయంలో పట్టు లేనివారు ఆ రోజులనే చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పనులను ఈ వరుసలో చేయండి:

• ముందుగా రెండు మూడు తేదీలు అనుకోండి, ఒక్క తేదీకే కట్టుబడకండి.
• మే–ఆగస్టు మధ్య వెళ్లాలంటే కనీసం ఆరు నెలల ముందు, వీలైతే ఇంకా ముందే సంస్థను సంప్రదించండి.
• పర్మిట్ ఖాయమైనట్లు రాతపూర్వకంగా అందిన తర్వాతే లీమా, కుస్కో విమాన టికెట్లు కొనండి.
• పర్మిట్‌లో మాచు పిచ్చు ప్రవేశం కలిసి ఉంటుంది. లోపల ఏ సర్క్యూట్‌కు (నిర్ణీత సందర్శన మార్గానికి) అనుమతి ఉందో అప్పుడే అడగండి. హుయానా పిచ్చు శిఖరం ఎక్కాలంటే వేరే టికెట్టు కావాలి, అదీ ముందుగానే తీసుకోవాలి.

మనవాళ్లకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. పర్మిట్ మీది పేరు, పాస్‌పోర్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా పాస్‌పోర్టుతో సరిపోవాలి, 82వ కిలోమీటరు చెక్‌పోస్టులో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఒకరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, ఇంకొకరి ఇంటిపేరు పొడి అక్షరంగానే ఉంటుంది, మరొకరి పేరు మూడు ముక్కలుగా ఉంటుంది. రోజూ వాడే పేరు చెప్పకుండా పాస్‌పోర్టు మొదటి పేజీని స్కాన్ చేసి పంపండి, పర్మిట్ చేతికి రాగానే సరిచూసుకోండి. పర్మిట్ తీసుకున్నాక పాస్‌పోర్టు కొత్తది వస్తే సంస్థకు వెంటనే తెలియజేసి, పాతదాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. పర్మిట్‌ను మరొకరి పేరుకు మార్చడం కుదరదు.

3. వీసా, టీకా, బీమా

అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంజెన్ వీసాల్లో ఏదైనా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్న భారతీయులకు, ఆ దేశాల్లో శాశ్వత నివాస హక్కు ఉన్నవారికి పెరూ పర్యాటక వీసా మినహాయింపు ఇస్తోంది. ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి కనుక టికెట్టు కొనే ముందు పెరూ రాయబార కార్యాలయంలో నిర్ధారించుకోండి. మిగతావారు న్యూఢిల్లీలోని ఆ కార్యాలయం ద్వారా దరఖాస్తు చేయాలి.

అమెరికాలో హెచ్1బి మీద ఉన్న తెలుగువారు మరో విషయం చూసుకోవాలి. పాస్‌పోర్టులో స్టాంపు గడువు తీరి, ఉద్యోగ అనుమతి పత్రం మాత్రమే చేతిలో ఉంటే, పెరూ నుంచి తిరిగి అమెరికాలోకి రావడానికి అది సరిపోదు. కెనడా, మెక్సికోలకు స్వల్పకాలం వెళ్లొచ్చేవారికి ఉన్న వెసులుబాటు పెరూకు వర్తించదు.

భారతదేశం నుంచి వెళ్లేవారు ఎక్కువగా మరచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. కుస్కో, మాచు పిచ్చు ప్రాంతాల్లో ఆ జ్వరం భయం లేకపోయినా, మన ప్రభుత్వ జాబితాలో పెరూ ఉంది. పెరూ వదిలిన ఆరు రోజుల లోపు భారత్‌లో దిగేవారు టీకా ధ్రువపత్రం చూపాలి, లేకపోతే విమానాశ్రయం నుంచే క్వారంటైన్‌కు పంపవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. అరవై దాటినవారు, గుడ్డు పడనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

ప్రయాణ బీమాలో 4,300 మీటర్ల ఎత్తు వరకు ట్రెక్కింగ్ వర్తిస్తుందని పాలసీలో స్పష్టంగా రాసి ఉందో లేదో చదవండి. చాలా మామూలు పాలసీలు అంత ఎత్తును మినహాయిస్తాయి.

4. కాళ్లను సిద్ధం చేయడం: ఎక్కడానికి కాదు, దిగడానికి

తిరుమల మెట్లెక్కిన అలవాటు ఉంది కదా అనుకునేవారు చాలామంది. అలిపిరి దారిలో సుమారు 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కగలిగినవారి గుండెకూ ఊపిరికీ మంచి అభ్యాసం ఉన్నట్లే. కానీ మనలో ఎక్కువమంది కొండెక్కి, దర్శనం చేసుకుని, బస్సులో దిగి వస్తారు. దిగే కండరాలకు అక్కడ పని పడదు. ఇన్కా ట్రెయిల్‌లో మోకాళ్లు పట్టేసేది రెండో రోజు మధ్యాహ్నం, మూడో రోజంతా, రాతిమెట్ల మీద దిగేటప్పుడే. ఆ మెట్లు ఒకే కొలతలో ఉండవు. ఒకటి జానెడు ఉంటే తర్వాతిది మోకాలి ఎత్తున ఉంటుంది, వాన పడితే నున్నగా జారుతాయి.

పన్నెండు వారాల అభ్యాసం ఇలా సాగించవచ్చు:

• మొదటి నాలుగు వారాలు: వారానికి నాలుగు రోజులు గంటసేపు వేగంగా నడక. ఒక రోజు అపార్టుమెంటు మెట్లు ఎక్కి, అంతే సంఖ్యలో దిగాలి. లిఫ్టులో దిగవద్దు.
• తర్వాతి నాలుగు వారాలు: వీపు మీద 4–5 కిలోల సంచితో అదే అభ్యాసం. వారాంతంలో ఒకసారి మూడు నాలుగు గంటలు ఎగుడుదిగుడు నేల మీద నడక.
• చివరి నాలుగు వారాలు: శని, ఆదివారాలు వరసగా రెండు రోజులూ పొడుగు నడక. మొదటి రోజు అలసిన కాళ్లతో రెండో రోజు నడవడం అలవాటు కావడమే దీని ఉద్దేశం.
• బయలుదేరే ముందు చివరి వారం: తేలికపాటి నడక మాత్రమే.

ఈ అభ్యాసమంతా ట్రెక్కులో వేసుకోబోయే బూట్లతోనే చేయాలి. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి. దిగేటప్పుడు పాదం ముందుకు జరిగి బొటనవేలు బూటు కొసకు కొట్టుకుంటే గోరు నల్లబడి ఊడుతుంది. దానికి మందు లేసు కట్టే పద్ధతిలో ఉంది. దిగుడు మొదలయ్యే చోట ఆగి, మడమను బూటు వెనక్కి గట్టిగా నెట్టి కూర్చోబెట్టండి. చీలమండ దగ్గరి చివరి రెండు కొక్కేల మధ్య లేసును ఒకటికి రెండుసార్లు మెలిపెట్టి బిగించి, ఆ పైన మామూలుగా ముడి వేయండి. వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉంచండి. ఇప్పుడు మెట్టు దిగి చూస్తే వేళ్లు ముందుకు తగలకూడదు. తగిలితే విప్పి మళ్లీ కట్టండి.

5. ఎత్తుకు ఒంటిని అలవాటు చేయడం

సముద్రమట్టాన ఉన్న లీమాలో విమానం ఎక్కి గంటన్నర లోపు కుస్కోలో దిగుతారు. అక్కడి ఎత్తు సుమారు 3,400 మీటర్లు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం అక్కడే మొదలవుతాయి. వ్యాయామం చేసేవారికి ఇది రాదన్న నమ్మకం తప్పు. ఎత్తు జబ్బు దేహదారుఢ్యాన్ని చూసి రాదు.

అందుకని కుస్కోలో దిగిన రోజే కారులో పవిత్ర లోయకు, అంటే ఉరుబాంబా లేదా ఓయాంటాయ్‌టాంబోకు వెళ్లిపోండి. అవి 2,800–2,900 మీటర్ల దగ్గర ఉంటాయి. అక్కడ రెండు రాత్రులు, తర్వాత కుస్కోలో ఒకటి రెండు రాత్రులు గడిపి ట్రెక్కు మొదలుపెట్టండి. సెలవులు తక్కువని ఈ రోజులకు కోత వేసేవారే వార్మివాన్యుస్కా దగ్గర ఎక్కువ ఇబ్బంది పడతారు. ఒక రోజు తగ్గించక తప్పదంటే లీమాలో తగ్గించండి.

పాటించవలసినవి:

• మొదటి రెండు రోజులు తక్కువగా, తరచుగా తినండి. మద్యం, నిద్రమాత్రలు వద్దు.
• ఎత్తు జబ్బును నివారించే ఎసిటజోలమైడ్ మాత్రను డాక్టరు సలహాతో ఎత్తుకు వెళ్లే ముందు రోజు నుంచి వాడవచ్చు. వేళ్లలో తిమ్మిరి, ఎక్కువసార్లు మూత్రం రావడం దాని మామూలు ప్రభావాలు. సల్ఫా మందులు పడనివారు డాక్టరుకు ఆ మాట తప్పక చెప్పాలి.
• బీపీ, షుగరు ఉన్నవారు మందుల మోతాదు గురించి ముందే అడగాలి. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు కనుక రాత్రి స్లీపింగ్ బ్యాగులో ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి.
• కోకా ఆకు టీ పెరూలో చట్టబద్ధమే, హోటళ్లలో ఇస్తారు. ఆకులు గానీ టీ పొట్లాలు గానీ ఇంటికి తేవద్దు. భారత్‌లోనూ అమెరికాలోనూ అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. ఉద్యోగంలో డ్రగ్ పరీక్షలు ఉన్నవారు తాగకపోవడమే మేలు.

తలనొప్పి ఉన్నంతసేపు ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, ఆగని దగ్గు, మాట తడబడటం, మడమకు బొటనవేలు ఆనించి గీత మీద నడవమంటే తూలిపోవడం ప్రమాద సూచనలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా గైడుకు చెప్పి వెంటనే కిందికి దిగాలి. తెల్లవారాక చూద్దామనుకోవద్దు.

6. సామాను: పోర్టరుకు ఎంత, మీ వీపు మీద ఎంత

పురుష పోర్టరు మోసే బరువుకు చట్టం పెట్టిన పరిమితి 20 కిలోలు, మహిళలకు 15. అందులో గుడారాలు, గ్యాసు, తిండి, వారి సొంత దుప్పట్లు కూడా ఉంటాయి. చెక్‌పోస్టులో మూటలను కాటా వేస్తారు. సంస్థలు యాత్రికుడికి సాధారణంగా 7 కిలోలు ఇస్తాయి, అందులోనే స్లీపింగ్ బ్యాగు, పరుపు బరువు కలిసిపోతాయి. అవి పోగా మీ బట్టలకు మిగిలేది మూడు నాలుగు కిలోలే. కొన్ని సంస్థలు అసలు ధరలో పోర్టరును కలపవు, అడిగి తెలుసుకోండి.

బుక్ చేసే ముందు పోర్టర్ల గురించి కూడా అడగాలని నా మనవి. వారికి పడుకోవడానికి గుడారం, పరుపు ఇస్తున్నారా, మంచి బూట్లు ఉన్నాయా, కూలీ ఎంత అన్న ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పే సంస్థనే ఎంచుకోండి. ధర చాలా తక్కువగా ఉన్న చోట ఆ తగ్గింపు చాలాసార్లు వారి కడుపు మీదే పడుతుంది.

పోర్టరు సంచిలో:

• రెండు జతల పొడి బట్టలు, రాత్రికి ప్రత్యేకంగా ఒక జత
• మందపాటి జాకెట్టు, ఉన్ని టోపీ, చేతి తొడుగులు
• మూడు జతల ట్రెక్కింగ్ మేజోళ్లు
• గుడారం దగ్గర వేసుకునే చెప్పులు
• అన్నింటినీ చుట్టే పెద్ద ప్లాస్టిక్ సంచి

మీ వీపు సంచిలో (పోర్టర్లు ముందే వెళ్లిపోతారు కాబట్టి పగలంతా కావలసినవి ఇందులోనే ఉండాలి):

• పాస్‌పోర్టు (నకలు కాదు, అసలుదే)
• వాన కోటు లేదా పాంచో, సంచికి తొడుగు
• రెండు లీటర్ల నీరు పట్టే సీసాలు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలను అనుమతించరు.
• తలకు కట్టుకునే టార్చి, అదనపు బ్యాటరీలు
• సన్‌స్క్రీన్, టోపీ, కళ్లద్దాలు
• మీ మందులు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, బొబ్బలకు వేసే టేపు
• టాయిలెట్ పేపరు, చేతులు శుభ్రం చేసుకునే ద్రవం
• చిన్న నోట్లుగా పెరూ సోల్‌లు

ట్రెక్కింగ్ కర్రలకు కొసన రబ్బరు తొడుగు తప్పనిసరి, ఇనుప మొన రాళ్లను దెబ్బతీస్తుందని అనుమతించరు. తొడుగు ఊడి పోతుంటుంది, అదనంగా ఒక జత ఉంచుకోండి. చదును నేల మీద మోచేయి లంబకోణంలో వంగేంత పొడవు పెట్టి, దిగేటప్పుడు అయిదు పది సెంటీమీటర్లు పెంచండి. జీన్స్, నూలు చొక్కాలు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు.

7. తిండి

శాకాహారులకు ఈ దారిలో ఇబ్బంది లేదు. అన్నం, బంగాళాదుంప, కినోవా, కూరగాయల సూపులు దొరుకుతాయి. అయితే "శాకాహారిని" అన్న ఒక్క మాట సరిపోదు. మాంసం, కోడి, చేప, గుడ్డు, మాంసం ఉడికించిన నీళ్లు, వీటిలో ఏవి తినరో విడివిడిగా రాసి పంపండి, కుస్కోలో గైడును కలిసినప్పుడు మళ్లీ చెప్పండి. పొడులు, వేరుశనగ ఉండలు తీసుకెళ్లేవారు పెరూ కస్టమ్స్‌లో ఆహార పదార్థాలు ఉన్నట్లు ప్రకటించాలి. ఎత్తులో ఆకలి మందగిస్తుంది, రుచి నచ్చకపోయినా అన్నమో సూపో కొంత తినాల్సిందే.

8. నాలుగు రోజుల నడక

మొదటి రోజు. 82వ కిలోమీటరు (పిస్కాకుచో, సుమారు 2,700 మీటర్లు) నుంచి సుమారు 12 కిలోమీటర్లు నడిచి 3,000 మీటర్ల దగ్గరి వాయ్యబాంబా చేరతారు. దారి సులువు. ఉత్సాహం కొద్దీ వేగంగా నడవడమే ఈ రోజు చేసే తప్పు. మాట్లాడుతూ నడవగలిగే వేగమే సరైన వేగం. రాత్రి మీ ఒళ్లు ఎలా ఉందో నిజాయితీగా గైడుకు చెప్పండి. వెనక్కి తిరగాలంటే ఇక్కడి నుంచి తిరగడం సులువు, కనుమ దాటాక వెనక్కి రావాలంటే దాన్ని మళ్లీ ఎక్కాలి.

రెండో రోజు. వార్మివాన్యుస్కా కనుమ దాకా సుమారు 1,200 మీటర్ల ఎక్కుడు. ఎక్కడానికి పద్ధతి ఉంది: చిన్న అడుగులు, ముక్కుతో శ్వాస, ప్రతి అడుగులో కాలు నిటారుగా చాచిన క్షణాన ఒక్క సెకను ఆగడం. ఎక్కువసేపు కూర్చుంటే ఒళ్లు చల్లబడి కాళ్లు బిగుసుకుంటాయి, నిలబడే ఒకటి రెండు నిమిషాలు విశ్రాంతి తీసుకోండి. యూయుచపాంపా అనే మజిలీ దాటాక గాలి చల్లబడుతుంది, జాకెట్టు చేతికందేలా ఉంచండి. కనుమ మీద ఫొటోలకు ఎక్కువసేపు నిలవకుండా పకాయ్‌మాయో శిబిరం (సుమారు 3,600 మీటర్లు) వైపు దిగండి. ఎత్తైన మెట్ల మీద పక్కకు తిరిగి, కర్రలు రెండూ ముందు కింది మెట్టు మీద ఆనించి, ఆ తర్వాతే కాలు దించండి.

మూడో రోజు. ఇదే పొడవైన రోజు, చూడడానికి అన్నిటికన్నా గొప్ప రోజు కూడా. గుండ్రని రుంకురాకాయ్ కట్టడం, రెండో కనుమ, ఏటవాలు మెట్లెక్కితే సయక్‌మార్కా శిథిలాలు, కొండను తొలిచిన సొరంగం, పుయుపటమార్కా శిథిలాలు, ఆ తర్వాత దాదాపు వెయ్యి మీటర్ల దిగుడుతో విన్యాయ్ వాయ్నా శిబిరం. సయక్‌మార్కా ప్రధాన దారికి కాస్త పక్కన ఉంటుంది కాబట్టి అలసటతో వదిలేస్తారు, అలా చేయకండి. దిగుడు మొదలయ్యే ముందు లేసులు బిగించడం, మోకాలి పట్టీలు వేయడం మరచిపోవద్దు. ఉదయమే బయలుదేరితే వెలుగుండగా శిబిరం చేరవచ్చు.

నాలుగో రోజు. చీకట్లోనే లేపుతారు, చెక్‌పోస్టు సుమారు 5:30కు తెరుస్తారు. అయిదారు కిలోమీటర్ల నడకే అయినా, ఇంతి పుంకు (సూర్య ద్వారం) ముందు చేతులు కూడా వాడి ఎక్కవలసిన నిట్టనిలువు మెట్ల వరుస ఒకటి వస్తుంది. అక్కడ కర్రలు సంచిలో పెట్టేయండి. కొండ అంచు సన్నని దారిలో ఎవరైనా దాటి వెళ్లబోతే మీరు కొండ గోడ వైపు ఒత్తిగిలి నిలబడాలి, లోయ వైపు కాదు. పోర్టర్లు వస్తున్నప్పుడూ ఇదే నియమం. ఇంతి పుంకు దగ్గర మబ్బు కమ్మి ఏమీ కనిపించకపోతే కొంతసేపు ఆగండి, పొద్దెక్కే కొద్దీ చాలాసార్లు విడిపోతుంది.

9. తరచుగా జరిగే పొరపాట్లు, వాటి సవరణ

బొబ్బ వచ్చాక టేపు వేయడం. చర్మం వేడిగా, మంటగా అనిపించిన నిమిషంలోనే ఆగి టేపు వేయండి. గుంపు ముందుకు పోతుందని మొహమాటపడితే తర్వాత రెండు రోజులు బాధపడాలి.

తడి బట్టలు రేపటికి ఆరుతాయనుకోవడం. ఆరవు. పగటి తడి జతను మర్నాడు మళ్లీ వేసుకుని, రాత్రి జతను ఎప్పుడూ పొడిగా కాపాడుకోండి.

నీళ్లు పట్టుకోవడంలో అశ్రద్ధ. వంటవారు ఉదయం కాచిన నీళ్లు ఇస్తారు. వాగు నీళ్లను శుద్ధి బిళ్ల వేయకుండా తాగవద్దు.

ఫోను బ్యాటరీ చలికి పడిపోవడం. పవర్ బ్యాంకును, ఫోనును రాత్రి స్లీపింగ్ బ్యాగులో పెట్టుకోండి. ఛార్జింగుకు దారిలో కరెంటు ఉండదు.

విరేచనాలు మొదలైనా చెప్పకపోవడం. ఎత్తులో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఓఆర్‌ఎస్ మొదలుపెట్టి గైడుకు వెంటనే చెప్పండి.

టిప్పు డబ్బు చివరి నిమిషంలో వెతుక్కోవడం. వంటవారు, పోర్టర్లతో వీడ్కోలు సాధారణంగా మూడో రాత్రే జరుగుతుంది, ఆ మర్నాడు వారు వేరే దారిలో దిగిపోతారు. కుస్కోలోనే సోల్‌లను చిన్న నోట్లుగా మార్చుకుని, ఎవరి వాటా వారి చేతికే అందేలా విడివిడి కవర్లలో పెట్టుకోండి.

10. తిరుగు ప్రయాణం

మాచు పిచ్చు నుంచి బస్సులో కొండ కింది ఊరు అగ్వాస్ కలియెంతెస్‌కు దిగి, అక్కడ రైలెక్కి ఓయాంటాయ్‌టాంబో, ఆ పైన రోడ్డు మీదుగా కుస్కో చేరాలి. బస్సు వరుస పొడవుగా ఉంటుంది, రైలు సమయానికి కనీసం రెండు గంటల ముందే వరుసలో నిలబడండి. పోర్టరు సంచి ఎక్కడ, ఎన్ని గంటలకు అందుతుందో మూడో రాత్రే అడిగి రాసుకోండి.

ట్రెక్కు ముగిసిన రోజు రాత్రే లీమా విమానం పెట్టుకోవద్దు. వాన వల్ల గానీ సమ్మె వల్ల గానీ రైలు ఆగిపోతే విమానం తప్పిపోతుంది. కుస్కోలో ఒక రాత్రి ఉండి, ఎల్లో ఫీవర్ పత్రాన్ని పాస్‌పోర్టుతో కలిపి చేతి సంచిలో పెట్టుకుని మర్నాడు బయలుదేరండి.